అది మురిగిపోయే ఆర్డినెన్స్ కాదు

నాలుగు రోజులుగా మనసు కుదురుగా లేదు. కోపం ఎవరి మీదో చెప్పలేను కానీ, ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

డల్లాస్‌కు ఉత్తరాన మేముండే ఊళ్ళో, మా వీధి చివరి ఇంట్లో గుంటూరు కుర్రవాడు ఒకడు ఉన్నాడు. హెచ్1బీ మీద వచ్చాడు. భార్య, రెండేళ్ళ పాప. వేసవిలో నెలన్నర ఇండియా వెళ్ళి తిరిగి వచ్చేసరికి తలుపుకు నారింజ రంగు కాగితం అంటించి ఉంది. గడ్డి 12 అంగుళాలు దాటింది, పది రోజుల్లో కోయించాలి అని. పక్కన పెట్టాడు. తర్వాత పోస్టులో మున్సిపల్ కోర్టుకు హాజరు కమ్మని తేదీ వచ్చింది. అదీ పక్కన పెట్టాడు. మొన్న డ్రైవింగ్ లైసెన్సు పునరుద్ధరణ చేయించబోతే ఆగిపోయింది. తన పేరు మీద వారంటు ఉందని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. చేతిలో ఆ కాగితాల మడత. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతూనే ఉంది.

"ఎందుకు వదిలేశావయ్యా?" అన్నాను.

"ఆర్డినెన్స్ అని రాసి ఉంది కదన్నా, కొన్నాళ్ళకు మురిగిపోతుందనుకున్నాను."

అతన్ని తప్పు పట్టలేకపోయాను. చిన్నప్పటి నుంచి మన పత్రికల్లో ఆర్డినెన్స్ అంటే చట్టసభలు జరగనప్పుడు రాష్ట్రపతో గవర్నరో జారీ చేసేది. సభ మళ్ళీ కూడాక ఆరు వారాల్లో ఆమోదం రాకపోతే మురిగిపోయేది. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. నగర మండలి ఓటు వేసి చేసిన స్థానిక చట్టం అది. రద్దు చేసేదాకా ఉంటుంది. టెక్సాస్‌లో దాన్ని మీరితే మామూలుగా 500 డాలర్ల దాకా జరిమానా. అగ్నిప్రమాద భద్రత, భూవినియోగం, ప్రజారోగ్యం, పారిశుధ్యం విషయమైతే 2,000 దాకా. చెత్త పారబోస్తే 4,000 దాకా. మున్సిపల్ కోర్టులో నడిచినా ఇది క్రిమినల్ కేసే. అందుకే అంత చిన్న కేసులోనూ జ్యూరీ విచారణ కోరే హక్కు మనకు ఉంది. అందుకే హాజరు కాకపోతే వారంటు వస్తుంది. గడ్డి మనం కోయకపోతే నగరమే కోయించి, ఆ ఖర్చును ఇంటి మీద బాకీగా నమోదు చేయగలదు. ఇల్లు అమ్మేటప్పుడు ఆ బాకీ ఎదురొస్తుంది.

అతను ఊరుకోవడానికి ఇంకో కారణం మన వాట్సాప్ గుంపు. ఎక్కడో ఒక నగరం నిబంధనను కోర్టు కొట్టేసింది, కాబట్టి నగర చార్టరే, అంటే నగరానికి రాజ్యాంగం లాంటి పత్రమే, చెల్లదు, నోటీసులకు భయపడనక్కర్లేదు అని ఒక పెద్దమనిషి ఫార్వర్డ్ చేశాడు. దాని కింద దండాలు పెట్టినవాళ్ళు ఇరవై మంది. చార్టర్ చివరి పేజీ తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు. దాదాపు ప్రతి నగర చార్టర్‌లోనూ చివరన ఒక చిన్న పేరా ఉంటుంది. ఇందులో ఏ భాగమైనా చెల్లదని కోర్టు తేల్చితే మిగతాదంతా యథాతథంగా అమల్లో ఉంటుంది అని. పుచ్చిన కొమ్మను నరికినంత మాత్రాన చెట్టు కూలదు. మనకు ఇది కొత్త కూడా కాదు. 2015లో మన సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది, ఐటీ చట్టం పోయిందా? అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం మీద తీర్పు ఇచ్చింది. చర్చి ప్రార్థనకు దారి చూపే బోర్డుల మీద ఆ పట్టణం పెట్టిన ఆంక్షలు చెల్లవంది. అంతమాత్రాన గిల్బర్ట్‌లో గడ్డి నిబంధన పోలేదు, భవన అనుమతులు పోలేదు. మిగిలిన భాగం తనంతట తాను నిలబడలేదని తేలితే మొత్తం పడిపోయే సందర్భాలూ ఉంటాయి. కానీ అది తేల్చేది న్యాయమూర్తి, ఫార్వర్డ్ చేసిన పెద్దమనిషి కాదు.

చివరికి ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. "మన వీధి ఎప్పుడో తర్వాత కదా నగరంలో కలిసింది, నన్నెవరూ అడగలేదే?"

న్యాయమైన ప్రశ్న. విలీనం అనే మాట వెనక ఎంత చరిత్ర ఉందో మనలో చాలామందికి తెలియదు. 1907లోనే అమెరికా సుప్రీంకోర్టు పిట్స్‌బర్గ్ కేసులో, జనం ఒప్పుకోకపోయినా రాష్ట్రం ఒక నగరాన్ని మరో నగరంలో కలపవచ్చు అంది. 1970లో వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరం పక్క కౌంటీ నుంచి 23 చదరపు మైళ్ళు కలుపుకుంది. వచ్చి చేరినవారు దాదాపు అందరూ తెల్లవారు. నగరంలో నల్లజాతివారి వాటా 52 శాతం నుంచి 42కు పడిపోయింది. ఆ విలీనం మీద కోర్టు కేసు నడిచినన్నాళ్ళూ, 1977 దాకా, మండలికి ఎన్నికలే లేవు. ఇది చదివినప్పుడు నాకు విశాఖ గుర్తొచ్చింది. అక్కడ 2007 తర్వాత మళ్ళీ కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2021లో. నగరం సరిహద్దు గీత జరిపినప్పుడల్లా ఓటు ఎవరి చేతిలో ఉంటుందన్న లెక్క మారుతుంది.

టెక్సాస్‌లో 1996లో హ్యూస్టన్ నగరం కింగ్‌వుడ్‌ను అక్కడివారు ఎంత మొత్తుకున్నా కలిపేసుకుంది. ఆ మంట చల్లారలేదు. 1999లో కొన్ని కట్టుబాట్లు వచ్చాయి, 2017లో పెద్ద కౌంటీల్లో జనం సమ్మతి తప్పనిసరి అయింది, 2019లో ఆ నియమం దాదాపు రాష్ట్రమంతటికీ వర్తించింది. కింగ్‌వుడ్ నుంచి అక్కడికి 23 ఏళ్ళు. అంత కష్టపడి తెచ్చుకున్న హక్కు మన వరకూ ఎందుకు చేరడం లేదంటే, ఇళ్ళు కట్టకముందు ఆ భూమికి యజమాని బిల్డరే. అతను దరఖాస్తు పెట్టుకుంటే విలీనం అయిపోతుంది. మనం తాళంచెవి అందుకునే రోజుకు అడగడానికి ఏమీ మిగలదు. ఆ కుర్రవాడి విషయంలో జరిగింది ఇదే. అతను కొనకముందే సంతకమైపోయింది.

మనవాళ్ళు ఇల్లు కొనేముందు పాఠశాల రేటింగు చూస్తారు, వాస్తు చూస్తారు, తూర్పు ముఖం కోసం ఇంకో ఇరవై వేలు ఎక్కువ పెడతారు. ఆ స్థలం నగర పరిధిలో ఉందా, లేక పరిధి బయట నగరం పట్టు కొంత ఉండే వలయంలో ఉందా అని అడిగినవారిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. లక్ష జనాభా దాటిన నగరానికి ఆ వలయం ఐదు మైళ్ళ దాకా ఉంటుంది. అక్కడ కొంటే నగర పన్ను ఉండకపోవచ్చు కానీ, నీళ్ళూ మురుగూ చూసే ప్రత్యేక సంస్థ పన్ను విడిగా పడవచ్చు. పోలీసు రావలసి వస్తే కౌంటీ నుంచి రావాలి. 2023 చట్టంతో ఆ వలయంలోంచి బయటపడతామని అర్జీ పెట్టుకునే దారీ ఏర్పడింది. ఇదంతా సంతకానికి ముందు తెలియాలి.

ఓటు హక్కు లేనప్పుడు మనమేం చేయగలం అని చాలామంది అంటారు. వీసా మీద ఉన్నవారికి ఓటు లేదు, ఒప్పుకుంటాను. కానీ విలీనానికి ముందు బహిరంగ విచారణ జరగాలి, అక్కడ మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. ఆ కుర్చీలు ఖాళీగా ఉండటం నేను కళ్ళారా చూశాను. పోయిన ఏడాది మా ఊళ్ళో ఒక విచారణకు వెళితే మండలి సభ్యులూ, సిబ్బందీ, బిల్డర్ తరఫు న్యాయవాదీ, నేనూ. అంతే.

ఆ కుర్రవాణ్ణి నిన్న న్యాయవాదితో కలిపించాను. వారంటు ఎత్తివేయించి కొత్త తేదీ తీసుకుంటున్నారు. గడ్డి మా అబ్బాయీ నేనూ కోసేశాం. వచ్చే మంగళవారం సాయంత్రం మా ఊళ్ళో ఇంకో 60 ఎకరాల విలీనం మీద విచారణ ఉంది. లోపలికి వెళ్ళేచోట చీటీ మీద పేరు రాసిస్తే మూడు నిమిషాలు ఇస్తారు. అతనూ వస్తానన్నాడు.