మనసు నివేదిక చిలక జోస్యం కారాదు

మనిషిని కలవకుండానే, ఒక్క మాటైనా మాట్లాడకుండానే ‘వీడు మళ్లీ హింసకు దిగుతాడు’ అని బోనెక్కి చెప్పిన మానసిక వైద్యుడు టెక్సాస్‌లో ఉండేవాడు. పేరు జేమ్స్ గ్రిగ్సన్. ప్రాసిక్యూషన్ తరఫున ఇలాంటి సాక్ష్యాలు చెప్పీ చెప్పీ ‘డాక్టర్ డెత్’ అనిపించుకున్నాడు. పోలీసు అధికారి హత్య కేసులో ముద్దాయి థామస్ బేర్‌ఫుట్ గురించి నూటికి నూరుపాళ్లూ అదే మాట అన్నాడు. ఇలాంటి దీర్ఘకాలిక అంచనాలు మూడింట రెండు తప్పుతున్నాయని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషనే మొత్తుకున్నా, 1983లో అక్కడి సుప్రీంకోర్టు చెవిన పెట్టలేదు. మరుసటి ఏడాది బేర్‌ఫుట్‌కు మరణశిక్ష అమలైపోయింది. గ్రిగ్సన్‌ను ఆ సంఘం వెలివేసింది మాత్రం 1995లో!

మన దగ్గర కథ వేరు. ముద్దాయి సమాజానికి ముప్పుగా మిగలకపోవచ్చన్న, మారవచ్చన్న అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవాలనీ, మారడని ఆధారాలతో చూపాల్సింది ప్రభుత్వమేననీ మరణశిక్షపై సుప్రీంకోర్టు ఇచ్చిన 1980 నాటి బచన్ సింగ్ తీర్పు చెప్పింది. మరణశిక్ష పడే కేసుల్లో మానసిక పరీక్ష నివేదికను సెషన్స్ కోర్టు దశలోనే పెట్టాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. ముద్దాయిని కాపాడటానికి వచ్చిన ఈ కాగితమే అతని మెడకు చుట్టుకోకూడదన్నది మా ఆందోళన.

ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి మంది ఖైదీల్లో 50 మంది మళ్లీ నేరం చేసేవాళ్లనుకుందాం. చేసేవాళ్లనూ, చేయనివాళ్లనూ 80 శాతం సరిగ్గా చెప్పే పరీక్ష ఉందనుకుందాం (అంత గట్టి పరీక్ష దొరకడమే గొప్ప). అది 40 మందిని సరిగ్గానే పడుతుంది. వాళ్లతోపాటు ఏ పాపం చేయబోని 190 మందికీ ‘ప్రమాదకారి’ ముద్ర వేస్తుంది.

పేరున్న సాధనాల తీరూ చూడాలి. హింసకు దిగే ముప్పును అంచనా వేసేందుకు కెనడాలో పుట్టిన హెచ్‌సీఆర్–20లోని 20 అంశాల్లో 10 గతానివే. చిన్నతనంలో పడ్డ దెబ్బలను ఏ ఖైదీ చెరిపేసుకోగలడు? అసలు అది ముప్పును అదుపులో పెట్టే దారి వెతకడానికి తయారైంది, ఉరికి అర్హత తేల్చడానికి కాదు. దాన్ని రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో తెలుగు తప్ప మరో భాష రాని ఖైదీ ముందు ఉన్నదున్నట్టు పెడితే ఏం తేలుతుంది?

‘మళ్లీ చంపుతాడా’ అని నిపుణుణ్ని అడగడం కోర్టులు మానాలి. ఏ పరిస్థితుల్లో రెచ్చిపోయాడు, జైలుకొచ్చాక ఏం మారింది, ఏ వైద్యం అందింది, ఏది అందలేదు అని అడగాలి. ఒక్క పూట ములాఖత్‌తో రాసుకొచ్చిన నివేదికను సెషన్స్ జడ్జి అక్కడికక్కడే తిప్పి పంపాలి.