అలుగు పొలుసుల్లో మందు లేదు

"ఆర్మడిల్లో, స్లాత్, యాంటీటర్, అలుగు నాలుగూ ఒకే వంశం. వీటికి పళ్లుండవు. స్లాత్ పరమ సోమరి. ఆర్మడిల్లోను ముట్టుకుంటే కుష్ఠు వస్తుంది. అలుగు పొలుసుల పొడి తింటే బాలింతలకు పాలు పడతాయి." ఈ మెసేజ్ ఒక గ్రూపులో ఆగితే ఇంకో గ్రూపులో మొదలవుతోంది. అలుగంటే ఒంటి నిండా పొలుసులుండే పాంగోలిన్. ఆర్మడిల్లో ఒంటిమీద గట్టి డొప్ప ఉండే జంతువు, స్లాత్ మెల్లగా కదులుతూ ఆకులు తినేది, యాంటీటర్ చీమల్ని తినేది. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లు, నా స్నేహితులు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

పళ్లు లేనిది యాంటీటర్‌కూ అలుగుకూ మాత్రమే. స్లాత్ ఆకులు నమిలేది పళ్లతోనే. జెయింట్ ఆర్మడిల్లోకైతే వంద దాకా ఉంటాయి. ఈ పాయింటుకు ఇంతకన్నా అక్కర్లేదు.

స్లాత్ సోమరి కాదు. అది తినే ఆకుల్లో బలం తక్కువ, అరగడానికే రోజులు పడుతుంది. ఉన్న కాస్త శక్తిని పొదుపుగా వాడుకుంటుంది. పైగా మెల్లగా కదిలితేనే హార్పీ గద్ద కంట పడకుండా బతుకుతుంది.

కుష్ఠు సంగతి మాత్రం కొట్టిపారేయలేను. తొమ్మిది పట్టీల ఆర్మడిల్లోకు ఆ బాక్టీరియా సోకుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొందరు రోగుల్లోనూ అక్కడి ఆర్మడిల్లోల్లోనూ ఒకే రకం బాక్టీరియా ఉందని 2011లో తేలింది. కాబట్టి అక్కడ వాటిని వేటాడకుండా, పట్టుకోకుండా ఉండటమే మంచిది. అయితే ఆ జబ్బు వాటికి మొదట అంటించింది మనుషులే అంటారు శాస్త్రవేత్తలు. మందులతో నయమయ్యే జబ్బు కూడా.

ఇక వంశం. ఆర్మడిల్లో, స్లాత్, యాంటీటర్ మూడూ నిజంగానే దగ్గరి బంధువులు. దక్షిణ అమెరికాలో పుట్టిన వంశం, నడుము దగ్గరి వెన్నుపూసల్లో మిగతా క్షీరదాలకు లేని అదనపు కీళ్లుంటాయి. అలుగుకు ఆ కీళ్లు లేవు. ఆసియాలో నాలుగు, ఆఫ్రికాలో నాలుగు జాతులున్న ఈ జంతువుకు దగ్గరి చుట్టాలు కుక్కలు, పిల్లులు, ఎలుగుబంట్లు. పొడవాటి నాలుక, పుట్టలు తవ్వే గోళ్లు యాంటీటర్‌కూ ఉన్నాయంటే, రెండూ తినేది చీమలూ చెదలూ కాబట్టి. ఆర్మడిల్లో డొప్పలో చర్మంలోంచి పుట్టిన ఎముక ఉంటుంది. అలుగు పొలుసులో ఎముకే ఉండదు, అది ఉత్త కెరటిన్.

కెరటిన్ అంటే మన గోళ్లలో, జుట్టులో ఉండేదే. గోళ్లు కత్తిరించి పొడి చేసి ఏ బాలింతకైనా పెడతారా? పెట్టరు కదా! మరి అలుగు పొలుసనగానే మందెలా అయింది? పాలు సరిగా పడకపోతే ముందు బిడ్డ రొమ్ము పట్టే తీరు నర్సుకో డాక్టరుకో చూపించాలి. ఈ పొడి నమ్ముకుని కూర్చుంటే ఆకలితో ఉండేది పసిబిడ్డ.

అటు చచ్చేది అలుగు. భయం వేస్తే అది తల కడుపులో దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది. సింహం పళ్లు కూడా ఆ పొలుసుల్లో దిగడం కష్టం. మనిషి ముందు మాత్రం అదే దాని ప్రాణం తీస్తోంది: పరుగెత్తదు, కరవదు, రెండు చేతులతో ఎత్తి గోనెసంచిలో వేసుకుంటే సరి. ఎనిమిది జాతుల్లో ఒక్కటీ భద్రంగా లేదు. 2016లో సైటీస్ (అడవి జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) దేశాలు అన్నిటి అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాయి. ఈ పొలుసుల వాడకం ఎక్కువగా ఉన్న చైనా కూడా 2020లో తన ఔషధ గ్రంథంలోని ముడిసరుకుల జాబితాలోంచి వీటిని తీసేసింది. మన గ్రూపుల్లో ఇంకా తిప్పుతున్నాం. పంపినవాళ్లు దయచేసి ఆ మెసేజ్ తీసేసి, ఏ గ్రూపుకు పంపారో ఆ గ్రూపులోనే అది తప్పని చెప్పండి.