దయ్యాలు కరెంటుకు భయపడి పారిపోలేదు

వారం రోజులుగా మా అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది మూడు ముక్కలు. దయ్యాలు, రాక్షసుల కథలు చదువు లేని పల్లె జనం భయాలట, కరెంటు రాగానే పోయాయట. బతుకుతెరువుకూ వాటికీ సంబంధం లేదట. అర్థమున్న భూతాలు తెల్లవాళ్ల కథల్లోనే ఉంటాయట, మనవి పిల్లల్ని పడుకోబెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావట. మా పెదనాన్న కూడా దాని కింద దండం బొమ్మ పెట్టినాడు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు కరెంటు సంగతి. కళ్యాణదుర్గం వైపు మా చేలల్లో మనుషుల్ని చీకట్లోకి తోలిందే కరెంటు. 2004లో రైతులకు ఉచిత కరెంటు వచ్చింది, మంచిదే. కానీ పగలు కొంత, రాత్రి కొంత, వంతుల లెక్కన ఇచ్చేవాళ్లు. రాత్రి ఒంటిగంటకు వంతు వస్తే మా నాయన టార్చిలైటు, కట్టె పట్టుకుని స్టార్టర్ వేయడానికి పోయేవాడు. అట్లా పోయి పాము కరిచో షాక్ కొట్టో చనిపోయిన రైతుల వార్తలు చదవని సీమవాళ్లు ఉండరు. మా అవ్వ చెప్పే కొరివి దయ్యం మళ్లీ లేచింది ఆ రోజుల్లోనే. "గట్టు మీద మంట కనపడితే అటు పోవద్దు నాయనా, మూడుసార్లు పిలిచిందాకా పలకొద్దు" అని వాకిట్లో నిలబడి మరీ చెప్పేది. గోడ లేని బావులు, తెగి వేలాడే తీగలు, చెనిక్కాయ కుప్పల దగ్గర దొంగలు, ఇవన్నీ విడివిడిగా చెబితే నాయన వినేవాడు కాదు. దయ్యం అంటే మాత్రం విసుక్కుంటూనే రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు.

బతుకుతెరువుతో సంబంధం లేదంటారా? ఊళ్లో ఒకాయన ఉన్నట్టుండి మేడ మీద మేడ లేపితే మనం అనే మొదటి మాట ఏంది? "లంకెబిందెలు దొరికినట్టుండాయి." ఆ బిందెలకు దయ్యం కాపలా, అది బలి అడుగుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా ఇది. ఇక్కడ ఒళ్లొంచి సేద్యం చేస్తే ఎంత మిగులుతుందో అందరికీ తెలుసు. అంతకు మించి ఒకడికి మిగిలిందంటే ఇంకొకడిది ఏదో పోయుండాలి. ఆ పోయినదానికి కథలో పెట్టిన పేరే బలి. (గుళ్లు తవ్వేవాళ్లను వెనకేసుకు రావడం లేదు, వాళ్ల మీద కేసులు పెట్టాల్సిందే.) మెక్సికోలో ఒక పల్లెలో ఇట్లాంటి నిధి కథలే విని, 1964లో జార్జ్ ఫాస్టర్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త కూడా దాదాపు ఈ మాటే రాశాడు. ఎదుగూ బొదుగూ లేని చోట పక్కింటివాడి కలిమికి జనం చెప్పుకునే కారణం నిధి అని.

ఇక బకాసురుడు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకొచ్చిన మనిషి. ఇంటికొక వంతు. సంస్కృత భారతంలో ఈ తిండిని వేతనం అనే అన్నారు. ఎందుకు వేతనమంటే, బయటి శత్రువుల నుంచి ఆ ఊరిని కాపాడేది వాడే. చేతకాని రాజు ఎక్కడో కూర్చున్నాడని ఆ బ్రాహ్మణుడు కుంతి దగ్గర వాపోతాడు కూడా. కాపలా పేరు చెప్పి ఊళ్ల మీద రుసుము పిండిన పాళెగాళ్లను చూసిన నేల మనది. భారతం రాసినవాళ్లకు పాళెగాళ్లు తెలియరు, నిజమే. కానీ గుడి అరుగు మీద హరికథ విన్న మన ముత్తాతలకు బకాసురుడు ఎవరో ఒకరు విప్పి చెప్పాల్సిన పని ఉండేదా?

ప్రతి దయ్యం వెనకా డబ్బే ఉందని నేను అనను. మా అవ్వ చెప్పిన వాటిలో సగం నిజంగా మమ్మల్ని పడుకోబెట్టడానికే.

తెల్లవాళ్ల భూతాల మాటకొస్తే, వాళ్ల సినిమాల్లో తిరిగే జాంబీ అసలు వాళ్లది కాదు, హైతీది. అక్కడ ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో ఆఫ్రికా బానిసలు చచ్చేదాకా చాకిరీ చేశారు. చచ్చినా లేపి మళ్లీ పనిలో పెడతారేమో అన్న భయమే ఆ జాంబీ. అది మనుషుల్ని తినదు, యజమాని చెప్పిన పని చేస్తుంది, అంతే. మనుషుల్ని తినడం తర్వాత సినిమావాళ్లు తగిలించింది.

మనవాటిలో అర్థం లేదన్నాయన వాతాపి కథ మొదటి నుంచి వినుండడు. లోపాముద్ర నగలు, మంచి బట్టలు కోరితే అగస్త్యుడు డబ్బు కోసం శ్రుతర్వుడితో మొదలుపెట్టి ముగ్గురు రాజుల దగ్గరికి పోతాడు. ముగ్గురూ తమ రాబడి, ఖర్చు ఆయన ముందు పెడతారు. రెండూ సరిగ్గా సమానం. ఇందులో నుంచి తీసుకుంటే జనం మీద పడుతుందని ఆయన పైసా ముట్టడు. అప్పుడు నలుగురూ కలిసి మిగులు ఉన్నవాడెవడా అని వెతుక్కుని ఇల్వలుడి ఇంటికి పోతారు. వాతాపిని వండి వడ్డించడం, అగస్త్యుడు అరిగించుకోవడం ఆ తర్వాతి సంగతి. బిడ్డకు బువ్వ తినిపించి పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేది మన తల్లులందరికీ వచ్చు. ముందున్న ఆ జమాఖర్చుల భాగం మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.