సకినాల పోటీల గొట్టానికి ఫస్ట్ ప్రైజా?

నిన్న సాయంత్రం హైదరాబాద్‌ల మియాపూర్ దిక్కు ఒక కాలనీల సంక్రాంతి సకినాల పోటీ పెట్టిన్రు. పదిహేను పళ్లాలు వచ్చినయి. ఫస్ట్ ప్రైజు దేనికి ఇచ్చిన్రు? జంతికల గొట్టంల ఒత్తిన సకినాలకు! చేత్తోని చుట్టిన పద్నాలుగు పళ్లాలు పక్కకే ఉన్నయి. వాటిల ఐదారు పళ్లాలల్లయి అయితె బొటనవేలుతోని నొక్కంగనే పటుక్కుమనేటంత మంచిగ కాలినయి. జడ్జిగ కూసున్నామె మైకుల చెప్పిన కారణం ఏందంటె, "చుట్లన్నీ ఒకే సైజులో నీట్‌గా ఉన్నాయి, ప్రెజెంటేషన్ చాలా బాగుంది." కింద కూసున్నోళ్లు చప్పట్లు కొట్టిన్రు. రాత్రి సంది కడుపు మండుతనే ఉన్నది.

గొట్టంల నుంచి వచ్చినయి ఒక్క సైజుల ఉండక ఏంజేస్తయి? ఇగ ఆ ప్రెజెంటేషన్ ఏందయ్యా అంటె, పళ్లెం నడుమ కాగితం పతంగి, సకినాల సందులల్ల తడి ఆరని బంతిపూల రెక్కలు. కరకరలాడాల్సిన పిండివంట మీద తడి పువ్వు! తగిలినకాడల్ల మెత్తబడతది. దానికే మార్కులు కలిపిన్రు.

సకినం అంటేనే మెలి. తడిపిండి ముద్ద చేతిల పట్టుకొని, బొటనవేలు చూపుడువేలు నడుమ నుంచి సన్నగ దారం లెక్క వదులుకుంట, వదులుతున్నప్పుడే మెలి తిప్పుకుంట, బట్ట మీద చుట్టుకు చుట్టు ఆనిచ్చి మూడు నాలుగు వరుసలు తిప్పాలె. మంచి చెయ్యి చుట్టిన సకినం ఒకటి కండ్ల దగ్గర పెట్టుకొని చూడుండ్రి. పేనిన తాడు లెక్క ఏటవాలు గాట్లుంటయి. ఒక్కో గాటు వేలి ఒక్కో ఒత్తు. చివర అతికిచ్చినకాడ బొటనవేలి నొక్కు చిన్నగ కనబడతది. గొట్టంల వచ్చినదానికి ఇయ్యేవి ఉండయి, నున్నగ పైపు లెక్క ఉంటది. ఆ మెలి సోకుకు పెట్టింది కాదు. గాట్లల్లకు నూనె దిగుతది, లోపలి తడి ఆవిరై బయటికి వస్తది, అందుకే సకినం గుల్లగ కాలుతది. గొట్టంల పిండిని అదిమి అదిమి ఒత్తుతరు, పైన నున్నగ మూసుకపోతది, ఆవిరికి తొవ్వ దొరకది. అయితె నూనెల పేలుతది, లేకుంటె పన్ను కింద రాయి పడ్డట్టయితది. నిన్న ప్రైజు వచ్చిన పళ్లెంల నుంచి ఒక్కటి ఇరిచి చూసినా సరిపోతుండె, నడుమ పచ్చిపిండి గీత తెల్లగ కనబడుతుండె. ఇరిచి చూసిందెవరు?

జడ్జిగ కూసునెటోళ్లకు కనీసం ఈ లెక్కన్న తెలువాలె. కిలో బియ్యం, కొత్తయి అయితె ఇంక మంచిది, జిగి ఉంటది, దారం తెగది. రాత్రంత నానబెట్టి, తెల్లారి నీళ్లు వంపి, బట్ట మీద పల్చగ ఆరబొయ్యాలె. పిడికిట్ల పడితె చల్లగ తగలాలె గని చేతికి నీళ్లు అంటొద్దు. అప్పుడు గిర్నీకి పట్టియ్యాలె. మనకంటె ముందు ఆ గిర్నీల మిరపకాయలో పసుపో పట్టిచ్చిన్రా అని అడగాలె, లేకుంటె పిండి రంగే మారిపోతది. తర్వాత జల్లెడ. ఒక్క నూక మిగిలినా దారం అక్కడనే తెగుతది. నువ్వులు పావు కిలో, కడిగి ఆరబెట్టినయి. నువ్వులు తగ్గితె సకినం గట్టిపడతది, మరీ ఎక్కువైతె చుట్టంగ దారం తెగుతది, నూనెల రాలి మాడుతయి. వాము మూడు చెంచాలు. ఉప్పు 20 నుంచి 25 గ్రాములు, గోరువెచ్చని నీళ్లల్ల కరిగిచ్చి కలపాలె. పిండి చపాతి పిండి కన్న మెత్తగుండాలె, ముద్ద మీద తడిగుడ్డ కప్పి కొంచెం కొంచెం తీసుకుంట చుట్టాలె. పొద్దున పట్టిచ్చిన పిండి పొద్దుమూకిందాక పెడితె పులుపు వాసన వస్తది, ఎంత వాము వేసినా ఆ వాసన పోదు.

చుట్టినంక బట్ట తడి గుంజుకోవాలె. అర గంట నుంచి గంట, చలికాలం కాబట్టి ఒక్కోసారి ఇంక జరంత. తొందరపడితె సకినం నూనె తాగుతది. మరిచిపోతె లేపంగనే మూడు ముక్కలైతది. నూనెల పిండి చుక్క వేస్తె అడుగుకు పోయి మెల్లగ పైకి తేలాలె, వెయ్యంగనే లేసిందంటె మస్తు కాగినట్టు. నూనెల నురగ తగ్గుడే కాలినట్టు గుర్తు. ఎర్రగయ్యేదాక ఉంచొద్దు, సకినం తెల్లగనే ఉండాలె. పుల్లతోని తీసి జల్లి గిన్నెల నిలువుగ పేర్చాలె. పడుకోబెడితె నూనె కింది చుట్లల్లకు దిగి ఆన్నే ఉంటది.

జడ్జి చేసే పని కూడ ఇదే. నోట్ల పెట్టుకున్న ముక్క నుంచి వెనుకకు నడుచుకుంట పొయ్యి దాక, బట్ట దాక, గిర్నీ దాక పోవాలె. వేళ్లకు నూనె అంటిందంటె ఆరకముందే వేసిన్రు, లేదంటె నూనె కాగలె. పైన రంగు తిరిగి నడుమ పచ్చిగుంటె మంట ఎక్కువ పెట్టిన్రు. పన్నుకు గట్టిగ తగిలితె నువ్వులు తక్కువ, లేకుంటె పిండి బిర్రుగ కలిపిన్రు. గారెల వాసన వస్తె అదే నూనెల ముందు గారెలు కాల్చిన్రు. ఒక చుట్టు కరకర, పక్క చుట్టు మెత్తగ ఉన్నదంటె దారం ఒక్కతీరుగ రాలె, లావు సన్నం అయింది. ఇట్ల కారణం చెప్పొస్తెనే ఆ కుర్చీల కూసోవాలె. మార్కు ఎవలైన వేస్తరు. ముప్పై పళ్లాలు ఇట్ల రుచి చూసినోళ్లకు తమ ఇంట్ల పొయ్యి కాడ ఎక్కడ చెయ్యి తప్పుతున్నదో కూడ తెలిసొస్తది. పోటీల నుంచి నేర్చుకునేది ఏదన్న ఉన్నదంటె అదే. కప్పు, శాలువా, ఫోటో ఇవన్ని ఆ తర్వాతియి.

పోటీ నడిపే తీరు చూస్తె ఇంక బాధయితది. పళ్లాల మీద బ్లాక్, ఫ్లాట్ నంబర్ రాసి పెట్టిన్రు. అది చూడంగనే ఎవల ఇంటిదో జడ్జికి ఎరుకైతది కద! 1, 2, 3 అని వరుస నంబర్లు సుత వేయొద్దు, 1 అని కనబడితె మనసు అటే గుంజుతది. 417, 286, 935 ఇట్ల వరుస లేని మూడంకెలు వెయ్యాలె, ఏ నంబర్ ఎవలదో ఒక్క మనిషి దగ్గరనే ఉండాలె. ఇంటి పళ్లెం వద్దు. అందరియి ఒక్కతీరు స్టీలు పళ్లాలల్ల, డబ్బా నడుమ నుంచి తీసి మూడేసి పెట్టాలె. పైన ఉన్నయి ఏరి పెట్టినయే ఉంటయి, అసలు సంగతి నడుమల తెలుస్తది.

ఒక జడ్జి ఎడమ నుంచి మొదలుపెడితె ఇంకో జడ్జి కుడి నుంచి రావాలె. మొదటి పళ్లెం ఆకలి మీదున్న నాలుక మీద పడతది, చివరిది అలిసిన నాలుక మీద పడతది, ఇద్దరు ఒకే దిక్కు నుంచి వస్తె చివర ఉన్నోళ్లకు అన్యాయమే. పది పన్నెండు రకాలు దాటితె ఉప్పెక్కువ తక్కువ కూడ సరిగ తెలువది, నడుమ పావు గంట ఆగాలె. నిన్న పదిహేనింటిని ఇరవై నిమిషాల్ల ముగిచ్చిన్రు. నూనె వంటల నడుమ చల్లటి నీళ్లు తాగితె నోట్ల నూనె పొర పోదు, గోరువెచ్చని నీళ్లు పెట్టాలె. కారం వంటలైతె నీళ్లతోని పనికాదు, ఒక చెంచా పెరుగన్నం తిని రెండు నిమిషాలు ఆగాలె. అన్నింటికన్న ముందు జడ్జిలందరు కలిసి ఒక దుకాణం సకినం తిని, దీనికి పదికి ఎన్ని అని మాట్లాడుకోవాలె. లేకుంటె ఒకామె ఏడు అంటె మంచిగున్నదని, ఇంకొకామె ఏడు అంటె బాగలేదని! ఆ తర్వాత కాగితాలు ఇచ్చేదాక ఒకరితోని ఒకరు మాట్లాడొద్దు.

నిన్నటి మార్కుల కాగితంల ప్రెజెంటేషన్‌కు 40, రుచికి 30, ఇన్నోవేషన్‌కు 30. సకినంల ఇన్నోవేషన్ ఏందమ్మా? ఇందుకే ఒకామె బీట్‌రూట్ రసం పోసి కలిపింది, అది కాలినంక మట్టి రంగుకు వచ్చింది, దానికి మూడో ప్రైజు. అసలు ఉండాల్సింది ఇట్ల: కరకరకు 30, రుచికి 30, నూనె తాగకుండ కాలిన తీరుకు 20, చేతి చుట్టుకు 15, పళ్లెం సింగారానికి 5. ఇట్ల రాసుకుంటె గొట్టం సకినం ఎక్కడుండునో లెక్క వేసుకోండ్రి.

అన్ని వంటలు ఒకే బల్ల మీద పెట్టే పోటీలైతె చెప్పొద్దు. పొద్దుగాల చేసిన పులిహోర మధ్యాహ్నానికి పులుపు పట్టి ఇంక మంచిగయితది. అదే బల్ల మీద గారె పదిహేను నిమిషాలకే సల్లబడి సాగుతది. ముఖ్య అతిథి రెండు గంటలు లేటుగ వస్తె గారెలు చేసినామె ఓడిపోయినట్టే, ఆమె చేతిల తప్పేం లేదు. బిర్యానీ పోటీలల్ల గంజు పైన పైన తెల్లన్నం, వేయించిన ఉల్లిగడ్డ తీసుకొని మార్కులు వేస్తరు. గరిటె అంచు వెంబడి అడుగు దాక దించి అన్ని పొరలు ఒక్కసారి పైకి తియ్యాలె, మాంసం ఉడికిందా, అడుగు మాడిందా అప్పుడే తెలిసేది. 2010ల భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన హలీంను కూడ ఈ ఊర్లె పైన చల్లిన జీడిపప్పు చూసి అంచనా కడుతున్నరు. చెంచా నిలువుగ పట్టి తిప్పితె మాంసం, గోధుమ విడివిడిగ కనబడొద్దు, దారాలు దారాలుగ సాగాలె. ఘోట్నీ అనే దంచే కట్టె పట్టి గంటలు గంటలు దంచిన చేతి కష్టం ఆ సాగుడుల ఉంటది.

ఇంకో మాట, ఇది పాత మంట. నిన్న కట్టిన బ్యానర్ మీద సకినాలు అని పెద్దగ రాసి, కింద రైస్ మురుకులు అని రాసిన్రు. ఎవలకు అర్థం కావాలని? హైదరాబాద్‌ల, సంక్రాంతి నాడు, సకినం అంటె తెల్వనోళ్లు ఎవరు? తెల్వకుంటె అడిగి తెలుసుకుంటరు. మురుకు అన్నంక గొట్టమే సరైంది అయిపాయె, మెలి తప్పయిపాయె! పేరు మార్చినకాడనే కొలత మారింది.

సర్వపిండికి ఇదే గతి పట్టిచ్చిన్రు. తెలంగాణ పిజ్జా అంట! సర్వ అనే గిన్నెల ఒత్తుతరు కాబట్టి సర్వపిండి. నల్లగొండ దిక్కు తపాల చెక్క అంటరు, ఇంకొన్ని దిక్కుల గిన్నెప్ప అంటరు, ఏ పేరు తీసుకున్నా అండ్ల గిన్నె ఉంటది. నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ కారం వేసి కలిపిన బియ్యప్పిండిని నూనె రాసిన సర్వ అడుగుకు, పక్కలకు వేళ్లతోని పల్చగ ఒత్తి, తూట్లు పెట్టి, తూటు తూటుకు నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్న మంట మీద కాల్చాలె. రెండోది వెయ్యాలంటె సర్వను నీళ్లల్ల పెట్టి సల్లార్చాలె, వేడి గిన్నెకు పిండి ఒత్తరాదు, వేళ్లు కాలుతయి. గిన్నె వంపుకు పల్చగ కాలిన అంచే దాని రుచి. పిజ్జా అని పేరు పెట్టినంక ఏమైంది? బల్లపరుపు నాన్‌స్టిక్ పెంక మీద వేస్తున్నరు, వంపు అంచు పోయింది, పైన చీజ్ తురిమి వేస్తున్నరు, పోటీలల్ల ఆ చీజ్‌కే ప్రైజులు. పదేండ్ల సంది ఇదే చూస్తున్నం. మన వంటను ఇంకోదాని పేరుతోని పిలిచినోళ్లు ఆ ఇంకోదాని లెక్కలతోనే కొలుస్తరు, మనది ఎప్పుడు కొంచెం తక్కువే పడతది.

నిన్న ఆ పోటీకి కరీంనగర్ దిక్కు నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దమ్మ కూడ పళ్లెం తెచ్చింది. పొద్దుగాల బట్ట పరిచి, ముందుగాల పిండి గౌరమ్మను పెట్టి పసుపు కుంకుమ వేసి, కింద కూసొని రెండు కిలోల పిండి ఒక్కతే చుట్టింది. నాలుగు వరుసల సకినాలు, మెలి ఎక్కడ తెగలె. పళ్లెంల పువ్వు లేదు, పతంగి లేదు. జడ్జి ఒక్క ముక్క ఇరిచి, నోట్ల కూడ పెట్టుకోకుంట పక్క పళ్లెం కాడికి పోయింది. అంత అయినంక ఆ పెద్దమ్మ డబ్బా మూత పెట్టుకుంట, "ఏం తక్కువైంది బిడ్డా?" అని అడిగింది. నిర్వాహకులు నవ్వి, పాల్గొన్నందుకు ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా చేతిల పెట్టి పంపిన్రు.

మార్కుల కాగితాలు ఇంక పారేసి ఉండరు. ఇయ్యాల్ల ఎవలన్న ఆ కాగితం తీస్కపోయి ఆ పెద్దమ్మకు చూపియ్యుండ్రి. కారణం రాసుంటె చదివి చెప్పుండ్రి. రాయకుంటె ఖాళీదే చూపియ్యుండ్రి.