పుస్తకాల బండి గారికి ఒక అమ్మ ఉత్తరం

మహారాజశ్రీ సంచార పుస్తకాల బండి గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

నిన్న సాయంత్రం మా పాప నర్సరీ స్కూలు ఆవరణలో తమరు కొలువుదీరారు. చుట్టూ రంగు లైట్లు, ఎక్కడానికి బుల్లి మెట్లు, లోపల కప్పు దాకా అరలు. చూడముచ్చటగా ఉన్నారు, కాదనను. అదే సాయంత్రం హాల్లో ఫ్యామిలీ ఆర్ట్ నైట్. ముందు రంగులు, తర్వాత పుస్తకాలు అని ఈ వరస పెట్టిన మహానుభావులెవరో గానీ, వారి బుర్రకి వేయి దండాలు.

పిల్లల అరచేతులు రంగులో ముంచి కాగితాల మీద అచ్చులు వేయించారు. నీలం, ఎరుపు కలిపితే ఊదా అవుతుందని మా పాప అక్కడే కనిపెట్టింది. ఆ సంబరం మోచేతుల దాకా పాకింది. (పక్క బల్ల దగ్గర ఒక నాన్నగారు పిల్లాడి చేతిలోంచి కుంచె లాక్కుని బొమ్మంతా తానే వేశారు. ఆయన సంగతి ఇంకోసారి.) ఆ చేతులతోనే తమరి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మెట్ల దగ్గర బోర్డు: "రంగు చేతులతో పుస్తకాలు ముట్టుకోరాదు."

ఏమండీ, ఆ సాయంత్రం ఆ ఆవరణలో రంగు లేని పిల్ల చెయ్యి ఒక్కటైనా ఉందా?

ఉన్నది ఒక్క కుళాయి. దాని ముందు తోపులాట. నీళ్లతో ఇట్టే పోతుందని డబ్బా మీద రాసిన రంగు గోళ్ల సందుల్లో మాత్రం తిష్ఠ వేసింది. రుద్ది, తుడిచి తీసుకొస్తే, తమరి మనిషి చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, చిటికెన వేలి పక్కన నీలం మరక పట్టుకుని మళ్లీ కుళాయికి తోలారు.

అంతా చేసి, తమరు కాపాడుతున్నది ఏమిటి? అట్టపేజీల బోర్డు బుక్స్. పిల్లలు చప్పరిస్తారు, కొరుకుతారు, మీద పాలు ఒలకబోస్తారు అని తెలిసే కదా వాటికి మందపాటి పేజీలు, గుండ్రటి మూలలు, తుడిస్తే పోయే నున్నటి పూత పెట్టింది! పైగా వాటిని ప్లాస్టిక్ కవర్లలో బిగించారు. రంగు అంటుకునేది కవరుకే కదండీ! కవరు విప్పాలంటే కొనాలి, కొనాలంటే లోపల కథేంటో చూడాలి. నొక్కితే ఆవు అరిచే పుస్తకానికి మాత్రం కవరుకి కన్నం పెట్టి మరీ నొక్కి చూడమన్నారు. స్టిక్కర్లు, తళుకు పెన్నులు పిల్లల చేతికందే అరలో, మంచి బొమ్మల కథలు నాకే అందని ఎత్తులో. అమ్మకాల్లో స్కూలుకి వాటా ఉందని మైకులో చెప్పి మొహమాటపెట్టడం ఇంకొకటి.

చేతులు తెల్లగా కడిగించుకుని వచ్చేసరికి తమరు లైట్లు ఆర్పుతున్నారు. టైమైపోయిందట!

1905లో అమెరికాలో, మేరీలాండ్‌లో, మేరీ టిట్‌కాంబ్ అనే లైబ్రేరియన్ గుర్రబ్బండికి అరలు కట్టించి పొలాల మధ్య ఇళ్లకి పుస్తకాలు పంపించింది. ఆ బండి తోలింది లైబ్రరీ పనివాడే. 1910లో గూడ్సు రైలు గుద్ది ముక్కలయ్యేదాకా అది తిరిగింది. అది లైబ్రరీ బండి, నువ్వు అంగడివి, నిజమే. కానీ దాన్ని ఆపడానికి రైలు కావాల్సి వచ్చింది. నీకు చిటికెన వేలి మీద మరక చాలింది!

అవును, ఇంక తమరూ గిమరూ లేదు. పుస్తకం కోసం పరిగెత్తుకొచ్చిన పిల్లని రెండుసార్లు వెనక్కి తోలి, మూడోసారి తలుపేసుకున్నావు. సిగ్గనిపించలేదా?

ఈసారి వస్తే పుస్తకాలు ముందు, రంగులు తర్వాత. కుదరదంటావా, మెట్ల దగ్గర ఒక బకెట్ నీళ్లు, ఒక తువ్వాలు, ప్రతి పుస్తకానికీ కవరు విప్పిన కాపీ ఒకటి పెట్టు. రాకుండా మాత్రం ఉండకు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇది "బండి మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని నా కొంగు వదలడం లేదు. ఇంత జరిగినా దానికి నీ మీద కోపం రాలేదు చూడు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇట్లు,
ఒక అమ్మ