చమురు దేశంలో మందులేని ఆస్పత్రి

2017 మే నెలలో వెనెజులా ఆరోగ్య శాఖ చాలాకాలంగా తొక్కిపెట్టిన లెక్కలను బయటపెట్టింది. 2016 ఒక్క ఏడాదిలోనే శిశు మరణాలు 30 శాతం, బాలింతల మరణాలు 65 శాతం పెరిగాయన్నది వాటి సారాంశం. రోజుల వ్యవధిలోనే ఆరోగ్య మంత్రి పదవి ఊడింది. 30 వేల కోట్ల బ్యారెళ్ల చమురు నిల్వలున్న దేశమది. ప్రపంచంలో మరెవరికీ అంత లేదు.

సోషలిజం అంటేనే ఇంతని కొందరు, అంతా అమెరికా ఆంక్షల వల్లేనని మరికొందరు ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. మాకు రెండూ తొందరపాటు మాటలుగానే కనిపిస్తున్నాయి.

1999లో సోషలిస్టు నేత హ్యూగో చావెజ్ గద్దెనెక్కేనాటికి దేశంలో దాదాపు సగం మంది పేదలే. 2003 నుంచి క్యూబా డాక్టర్లు రాజధాని కరాకస్ కొండవాలు బస్తీల్లోనే ఉండి వైద్యం చేశారు. పెద్దలు అక్షరాలు దిద్దారు, చౌక ధరల దుకాణాలు వచ్చాయి. పేదరికం మూడో వంతు కంటే దిగువకు వచ్చింది. ఇది నిజంగా జరిగిన మేలు. దాన్ని కాదనడం అన్యాయం.

కానీ ఆ మేలంతా బ్యారెల్ ధర మీదే ఆధారపడింది. ఎగుమతుల రాబడిలో 95 శాతం దాకా చమురుదే. ధర 100 డాలర్లు దాటినప్పుడు కూడబెట్టాల్సింది పోయి అప్పులు చేశారు. ప్రభుత్వ చమురు సంస్థలో 2002-03 సమ్మె తర్వాత అక్కడి నుంచి సుమారు 18 వేల మందిని పంపేశారు. బావుల ఆనుపానులు తెలిసిన ఇంజినీర్లు కూడా వారిలో ఉన్నారు. రోజుకు 30 లక్షల బ్యారెళ్లు తీసిన దేశం, 2019 జనవరిలో చమురుపై అమెరికా ఆంక్షలు పడేనాటికే సగానికి దిగజారింది.

అన్నిటికన్నా పేదవాడి కంచాన్ని దెబ్బతీసింది ధరల నియంత్రణ. అక్కడి రోజువారీ తిండి మొక్కజొన్న రొట్టె. పిండి ధరను తయారీ ఖర్చు కంటే తక్కువకు బిగించేసరికి మిల్లులు చేతులెత్తేశాయి, ఉన్న సరుకు సరిహద్దు దాటింది. డాలరుకూ సర్కారే రేటు కట్టింది, 2013 చివరికి బయటి రేటు దానికి పదింతలు. సర్కారు రేటుకు డాలర్లు దక్కించుకోగల పలుకుబడి ఉన్నవాళ్లు కోట్లు గడించారు. సామాన్యులు క్యూలో నిలబడ్డారు. 2014లో చమురు ధర పడిపోయాక, చావెజ్ తర్వాత వచ్చిన నికోలస్ మదురో ప్రభుత్వం ఈ పద్ధతిని సరిదిద్దకుండా నోట్లు అచ్చేసుకుంటూ పోయింది.

ఆంక్షల పాపమూ తక్కువది కాదు. తిండికీ మందులకీ దిగుమతులే దిక్కయిన దేశానికి డాలర్లు రాకుండా చేస్తే ముందు మాడేది ఎవరి కడుపో విధించినవారికి తెలియనిది కాదు.

2008 నుంచి 2021 వరకు ధరలు పెరిగి విలువ పడిపోయిన అక్కడి కరెన్సీ బొలివర్ నోటు మీద మూడు విడతల్లో 14 సున్నాలు చెరిపేశారు. 70 లక్షల మందికి పైగా దేశం విడిచారు. బిడ్డలను చంకనేసుకుని వంతెన మీదుగా కొలంబియాకు నడిచినవాళ్లు ఎందరో. కొట్లలో లావాదేవీలు డాలర్లలోకి మారాయి. బొలివర్లలో జీతం తీసుకునే బడి పంతులుకు, విదేశం నుంచి డబ్బు పంపే బిడ్డ లేకపోతే నెల గడవని పరిస్థితి వచ్చింది.