స్కైలాబ్‌ను పడగొట్టింది సూర్యుడే

వరంగల్, కరీంనగర్ పల్లెల్లో అరవై దాటినవాళ్లను కదిలిస్తే, 1979లో కూలిన అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ముచ్చట ఇప్పటికీ వస్తుంది. అది నెత్తిన పడితే ఎట్లాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకుతిన్నారని, దాచుకున్న పైసలు ఖర్చు పెట్టేశారని చెబుతారు. ఆ ఏడాది పుట్టిన కొందరు పిల్లలకు ఆ పేరే పెట్టారు కూడా. అందరం నవ్వుకుంటాం. ఆ కథలో సూర్యుడి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

స్కైలాబ్ నేలకు దాదాపు 430 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది. అక్కడ గాలి బొత్తిగా లేదనుకుంటాం గానీ, చాలా పలచగా ఉంటుంది. ఆ పొరను థర్మోస్ఫియర్ అంటారు. సూర్యుడి మీద మచ్చలు పెరిగే కాలంలో అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు ఎక్కువగా వస్తాయి. వాటిని పీల్చుకుని ఆ పొర వేడెక్కి ఉబ్బుతుంది. కింద ఉండాల్సిన గాలి పైకి లేచి, అదే ఎత్తులో సాంద్రత కొన్ని రెట్లు పెరుగుతుంది. గంటకు 27 వేల కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువుకు ఆ కాస్త గాలే బ్రేకు. అది కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది, దిగడం ఇంకా జోరందుకుంటుంది.

స్కైలాబ్ 1980ల మొదటి దాకా ఉంటుందని, ఈలోగా తాను తయారుచేస్తున్న కొత్త వ్యోమనౌక స్పేస్ షటిల్ వెళ్లి పైకి నెట్టొచ్చని నాసా లెక్కేసుకుంది. సూర్యుడు అంచనాను మించిపోయాడు, షటిల్ ఆలస్యమైంది. 1979 జూలై 11న ఆ 77 టన్నుల కేంద్రం ముక్కలై హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. లెక్క తప్పినవాళ్లలో మన రైతులు రెండోవాళ్లే అన్నమాట!

ఇప్పుడైనా సూర్యుడి జాతకం తెలిసిందా అంటే, అంతంతే. సూర్యుడి మచ్చలు దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, దాన్నే సౌరచక్రం అంటారు. ప్రస్తుత చక్రం ఉధృత దశలో మచ్చల సంఖ్య 115 దగ్గర ఆగుతుందని 2019లో నిపుణుల బృందం చెప్పింది. 2024లో అది 160 దాకా పోయింది. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు సౌర తుఫానుకే ఆ పై గాలి ఉబ్బి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో చాలావరకు రాలిపోయాయి. 2024 మేలో పెద్ద తుఫాను వస్తే మన ఛానళ్లు లద్దాఖ్ ఎర్రటి ఆకాశాన్ని చూపించి, ఫోన్లు పోతాయేమోనని టెన్షన్ పెట్టి ఊరుకున్నాయి. అప్పుడు వేల ఉపగ్రహాలు జారిన ఎత్తును ఇంధనం వాడి సరిచేసుకున్నాయి. ఒకేసారి అన్ని కదిలితే ఏది ఎక్కడుంటుందో ముందే చెప్పడం కష్టం, గుద్దుకునే ముప్పు లెక్కలూ తారుమారవుతాయి. నా దృష్టిలో అసలు వార్త అది.

సూర్యుడిని గమనించడానికి 2023లో శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్1ను పంపాం. మంచిదే. దాని సమాచారం అక్కరకు రావాలంటే మన నెత్తిమీది ఆ పలచటి గాలి ఏ రోజు ఎంత ఉబ్బిందో కొలవడానికీ అంతే డబ్బు, శ్రద్ధ పెట్టాలి.